తేనెటీగల వాటా

మట్టెవాడలో విత్తనాల వెంకట్రాజం దుకాణం ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కొంటెవాళ్ళైతే "పొద్దుగాల్నే కొట్టుండ్రి అంటడు, ఆ సేటేనా?" అని ఎదురడుగుతారు. ఆ మాట ఆయనకు ఊతపదమై నలభై ఏళ్ళయింది. పురుగుమందు డబ్బాను పాత పేపర్లో చుట్టి రైతు చేతిలో పెట్టినప్పటి నుంచి, ఆ రైతు దుకాణం మెట్లు దిగేదాకా చెప్తూనే ఉంటాడు.

"పొద్దుగాల్నే కొట్టుండ్రి. ఎండ ముదరక ముందే అయిపోవాలె. చల్లగున్నప్పుడైతే మందు ఆకుకు పడ్తది, మీకు తల తిరుగది. మూతికి గుడ్డ కట్టుకునుడు మర్వకుండ్రి."

వినడానికి ఎంత మంచి మాట. రైతు బాగు కోరి చెప్పిందే. ఇందులో తప్పు వెతికేవాడికి పనీపాటా లేదని ఎవరైనా అంటారు. కానీ అయ్యలారా, అమ్మలారా, ఒక మాట మంచిదా కాదా అన్నది అది ఎవరి చెవిన పడిందన్నదాన్ని బట్టి మాత్రమే తేల్చలేం. ఎవరి నెత్తిన పడిందో కూడా చూడాలి. వెంకట్రాజం అది చూడలేదు. ఆయన ఒక్కడే కాదు, మనలో ఎవరం చూశాం గనుక.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం దుకాణం బేరం మీద ఉంది. ఆరేడుగురు రైతులు గల్లా ముందు నిలబడి ఉండగా, శకుంతల ఆటో దిగి నేరుగా లోపలికి వచ్చి, సంచి తలకిందులు చేసి దోసకాయలు గల్లా మీద పోసింది. హసన్‌పర్తి చెరువు అవతల రెండెకరాల్లో కూరగాయలు పండించుకునే మనిషి ఆమె. భర్త పోయాక పదేళ్ళుగా ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొస్తోంది. ఏ ఏడు ఏ విత్తనమైనా వెంకట్రాజం దగ్గరే కొంటుంది.

"గివేం కాయలు సేటూ?" అంది.

వెంకట్రాజం ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు. ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయి వంకర తిరిగి ఉంది. రెండోది కూడా అంతే.

"పిందెలు సగం పచ్చవడి రాలిపోతానయి. నిలవడ్డయి గిట్ల మూతి వంకర పెట్టుకున్నయి. మార్కెట్ల ముట్టుకునేటోడు లేడు. నీ ఇత్తులు మంచియని నా తోటికోడలితోని, పక్క చెల్కోళ్ళతోని గూడ నేనే కొనిపిచ్చిన. వాళ్ళకు నా మొకం ఎట్ల చూపియ్యాలె? కల్తీ ఇత్తులు అమ్మినవ్ సేటూ."

కల్తీ అన్న మాట పడగానే గల్లా ముందున్న రైతులంతా ఇటు తిరిగారు. వెంకట్రాజానికి బీపీ ఉంది, కోపమూ ఉంది. అయినా గొంతు పెంచలేదు.

"చెల్లె, ఇది మా బాపు పెట్టిన దుకాణం. కంపెనీలు మారినయ్ గని మా మాట మారలే. రేపు పొద్దుగాల నీ చెల్కకు నేనే వస్త. తప్పు నాదని తేలితే ఈ దుకాణం బోర్డు నా చేతులతోటి నేనే దింపుకుంట. ఇందరి ముంగట చెప్తాన."

శకుంతల సంచి దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా ఈ సంగతి హనుమకొండ దాకా పాకింది. విత్తనాల వ్యాపారికి పేరే పెట్టుబడి. అది పోతే గోదాములో ఎన్ని బస్తాలున్నా ఏం లాభం?

దుకాణం వెనకే ఇల్లు. ఆ రాత్రి వెంకట్రాజం అన్నం ముందు కూర్చున్నాడు. తల్లి లక్ష్మీనర్సమ్మకు ఎనభై మూడేళ్ళు. చూపు మందగించింది గానీ చెవి మాత్రం పాము చెవి. పగలు జరిగిందంతా గోడ ఇవతల నుంచి వినే ఉంది. వంకర దోసకాయ ఒకటి తెప్పించుకొని, వేళ్ళతో తడిమి తడిమి చూసింది.

"పువ్వు మీద ఈగ వాల్తాందా అని అడిగినవారా?"

"నీకెప్పుడు గా ఈగల యావనే అమ్మా" అని విసురుగా లేచి చెయ్యి కడుక్కున్నాడు వెంకట్రాజం.

ఆ ఇంట్లో తేనెటీగల మాట పదిహేనేళ్ళుగా ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆయన ఇలాగే లేచిపోతాడు. ఎందుకో మీకు తర్వాత చెప్తాను.

మర్నాడు తెల్లవారగానే వెంకట్రాజం, కూతురు శ్రావణి స్కూటీ మీద హసన్‌పర్తి బయల్దేరాడు. శ్రావణి హనుమకొండలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తుంది. రెండో శనివారం సెలవు కాబట్టి తండ్రిని తనే తీసుకెళ్ళింది.

దోసతీగ చెల్కంతా పాకి ఉంది. ఆకు పచ్చగా, నిండుగా ఉంది. పసుపురంగు పూలు అప్పుడే విచ్చుకున్నాయి. మొలకలో లోపం లేదు, తీగలో లోపం లేదు. వెంకట్రాజం గట్టు మీద కూర్చొని శకుంతల చేతిలోని కొడవలి అడిగి తీసుకున్నాడు. ఒక వంకర కాయను నిలువునా చీల్చాడు. ఉబ్బిన పక్క గింజలు బలంగా, తెల్లగా ఉన్నాయి. నొక్కుకుపోయిన పక్క ఉన్నవన్నీ తాలు గింజలు, పొట్టు తప్ప లోపల పప్పు లేదు. ఇంకోటి చీల్చాడు. అదీ అంతే.

శ్రావణి పక్కన కూర్చుంది. "నాన్నా, విత్తనం మంచిదే. పుప్పొడి సరిగ్గా అందలేదు. పూవు నలువైపులా పుప్పొడి అంటితేనే నలువైపులా గింజ కడుతుంది. గింజ కట్టిన పక్కే కాయ ఊరుతుంది. ఆ పని చేసేవి తేనెటీగలు. ఒక్కటన్నా కనిపిస్తోందా మీకు?"

అప్పుడు విన్నాడు వెంకట్రాజం. అంటే, ఏమీ వినపడటం లేదని విన్నాడు. చిన్నప్పుడు విత్తనం కోసం బాపు వెంట ఇదే వైపు చెల్కలకు వచ్చేవాడు. దోస, గుమ్మడి పూసే రోజుల్లో పొద్దున్నే చెల్కంతా జుమ్మని మోగేది. "ఇంటానవా, పంట మాట్లాడుతాంది" అనేవాడు బాపు. ఇప్పుడు గట్టు మీద ముగ్గురు మనుషులు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది.

ఇంతలో పక్క చెల్క నుంచి గుప్పున వాసన వచ్చింది. కిషన్ రావు పత్తిచేను అది. ఒకతను వీపున పంపు కట్టుకొని మందు కొడుతున్నాడు. ఆ వాసన ఏ డబ్బాలోదో వెంకట్రాజం కళ్ళు మూసుకొని చెప్పగలడు. కిషన్ రావు గట్టు మీద నిలబడి చేయి ఊపాడు.

"రా సేటూ, రా. నువ్వు చెప్పినట్టే పొద్దుగాల్నే కొట్టిస్తాన. మా ఊర్లె అందరం గదే టైం."

వెంకట్రాజం ఆ గట్టు వెంట పది అడుగులు నడిచాడు. దోసతీగ అంచున, పువ్వు కింద, తేనెటీగలు పడి ఉన్నాయి. ఆరో ఏడో. ఒకదాని కాళ్ళకు పసుపు పుప్పొడి ఉండలు అలాగే ఉన్నాయి. ఇంకోటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది.

పొద్దున విచ్చుకొని ఎండెక్కేసరికి ముడుచుకుపోయే పువ్వు దోసపువ్వు. ఆ కొన్ని గంటలే ఈగకు పని. సరిగ్గా ఆ గంటల్లోనే, ఆ చుట్టుపక్కల చేలల్లో, ఆయన చెప్పిన మాట ప్రకారం మందు పడుతోంది. ఒక్కనాడు కాదు, ఒక్క ఊళ్ళో కాదు.

"ఏమైంది సేటూ, తప్పు దేంట్ల ఉన్నట్టు?" అంది శకుంతల వెనక నుంచి.

"గింజ మంచిదే చెల్లె" అన్నాడు వెంకట్రాజం. అంతవరకే అన్నాడు. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది.

"జూసినవా, సేటు ఇత్తులు కల్తీ కావని నేన్జెప్పలే?" అన్నాడు కిషన్ రావు. "నీ నసీబ్ బాగలేదు శకుంతలా, అంతే."

శకుంతల తల వంచుకుంది. వెంకట్రాజం స్కూటీ ఎక్కాడు. బోర్డు నిలబడింది, పేరు దక్కింది. తండ్రి గెలిచి వస్తున్న మనిషిలా లేడని శ్రావణికి అర్థమైంది.

ఇంటికి వచ్చి దుకాణంలోకి పోకుండా, నేరుగా వంటింటి గోడ దగ్గరకు పోయి నిలబడ్డాడు. అక్కడ ఒక గుండ్రటి మూకుడు మూత, దాని చుట్టూ ఎండిన మట్టి. ఇక ఆ గోడ సంగతి చెప్పక తప్పదు.

వెంకట్రాజం తాత ఆ ఇల్లు కట్టినప్పుడు, మూరెడున్నర మందం మట్టిగోడలో ఒక కుండను అడ్డంగా పడుకోబెట్టి కట్టాడు. కుండ మూతి వంటింట్లోకి, అడుగు వీధి వైపుకు. అడుగున వేలు పట్టేంత రంధ్రం. ఎక్కడి నుంచో తేనెటీగలు వచ్చి ఆ కుండలో కాపురం పెట్టాయి. తరాలు మారినా అవి ఇల్లు మారలేదు. పొయ్యి దగ్గర కూర్చుంటే గోడలోంచి సన్నగా జుమ్మని వినిపించేది. ఆ చప్పుడు వింటూనే వెంకట్రాజం పసితనంలో నిద్రపోయాడు, ఎక్కాలు బట్టీ పట్టాడు.

కాముని పున్నమ దాటిన మూడోనాడు, పొద్దుగూకే వేళ లక్ష్మీనర్సమ్మ తలంటుకొని వచ్చి, మూకుడు మీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టేది. "వస్తాన తల్లీ, జర జరుగుండ్రి" అనేది పొరుగింటి తలుపు కొట్టినట్టు. మట్టి గీకి, మూత తీసి, పిడక పొగ ఒక్క ఊదు ఊదేది. లోపల ఏడు తెట్టెలు వరసగా వేలాడుతుండేవి. రెండు కోసుకునేది. ఐదు వదిలేసేది. పిల్లలంతా జొన్నరొట్టె ముక్కలు పట్టుకొని వరస కట్టి ఉండేవాళ్ళు. ఆ రొట్టెకు అంటిన తేనె రుచి ఈనాటికీ వెంకట్రాజం నాలుక మీద ఉంది.

"అమ్మా, ఇంకొక్కటి కొయ్యరాదే" అని చిన్న వెంకట్రాజం మారాం చేస్తే, ఆమె ఒకటే మాట చెప్పేది. "అవి వాళ్ళ వానకాలం బియ్యం బిడ్డా. మంది బియ్యం మనం వండుకుంటమా?"

వీధి వైపు గోడకు సున్నం వేయాలన్నా పొద్దుగూకినంకనే వేసేవారు. పగలంతా ఈగలు వస్తూ పోతూ ఉంటాయి, వాటి దారికి అడ్డం పోవద్దని ఆ ఇంటి నియమం. అది పుస్తకంలో రాసిన నియమం కాదు. అలవాటుగా వచ్చింది.

పదిహేనేళ్ళ కింద దుకాణం ముందు భాగం కొత్తగా కట్టించి, గోడలన్నిటికీ సిమెంటు చేయిస్తున్నప్పుడు మేస్త్రీ ఆ రంధ్రం చూపించి అడిగాడు, "ఈ బొర్ర ఏంజేయాలె సేటూ?" అని. వెంకట్రాజం ఫోన్లో కంపెనీవాళ్ళతో బేరంలో ఉన్నాడు. "మూసెయ్" అన్నాడు. మిట్టమధ్యాహ్నం అది. పూల మీదికి పోయిన ఈగలన్నీ సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు. మూడు రోజులు ఆ తడి సిమెంటు మీద గుంపుగా పట్టుకొని వేలాడాయి. లోపలున్నవి లోపలే అయిపోయాయి. లక్ష్మీనర్సమ్మ ఆ మూడు రోజులూ వీధిలో కుర్చీ వేసుకొని కూర్చుంది. కొడుకును ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఇప్పుడు ఆ మూకుడు మీద చెయ్యి ఆనించి నిలబడిన కొడుకు దగ్గరికి ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"లేవు గదరా అక్కడ ఈగలు?" అంది.

"లేవమ్మా. సచ్చిపడి ఉన్నయి. నా మందుతోనే, నేను చెప్పిన టైముకే." మూకుడు చుట్టూ ఉన్న ఎండిన మట్టిని గోటితో గీకాడు. "ఇక్కడ ఒక్క బొర్ర మూసిన అనుకున్న. ఊర్లకూర్లే మూసుకుంట వచ్చిన."

శ్రావణి తండ్రికి మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. కాలేజీలో పాఠంలా కాకుండా, ఇంట్లో కబురులా చెప్పింది. కాశ్మీరంలోనూ, హిమాలయాల పల్లెల్లోనూ ఇలాగే ఇంటిగోడల్లో కుండలు, గూళ్ళు పెట్టి ఈగలను పోషిస్తారని చెప్పింది. ఆఫ్రికాలో ఇథియోపియా రైతులు తొలిచిన దుంగలను చెట్లకు కడతారట. యూరపులో స్లొవేనియా అనే చిన్న దేశంలో ఈగల పెట్టెల ముందు పలకల మీద బొమ్మలు వేసి మరీ చూసుకుంటారట.

"మరి చూసుకోనోళ్ళు?" అన్నాడు వెంకట్రాజం.

"చైనాలో ఒకచోట పియర్ తోటల్లో మనుషులే చెట్లెక్కి, కుంచెతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతున్నారు నాన్నా. ఈగ ఊరికే చేసే పని."

లక్ష్మీనర్సమ్మ అంతా విని తల ఊపింది. "ఏ దేశమైతేంది, కడుపున్నోళ్ళందరికీ గదే తెలివి. మనకే మధ్యల పోయింది" అంది.

ఆదివారం పొద్దున దుకాణం తెరిచేసరికి జనం ఎప్పటికంటే ఎక్కువున్నారు. సేటు గెలిచాడని కబురు అందింది కదా. కిషన్ రావు కూడా ఇంకో డబ్బా కోసం వచ్చాడు. అందరూ తలా ఒక మెచ్చుకోలు మాట అంటున్నారు. అప్పుడు శకుంతల వచ్చింది. మొన్నటిలా విసురుగా కాదు, మెట్ల కిందే నిలబడి చేతులు జోడించింది.

"తప్పైంది సేటూ. ఇందరిల నోరు జారిన. నా నసీబ్‌ను నీ మీద రుద్దిన. మనసుల పెట్టుకోకు."

కత్తితో పొడిచినా అంత నొప్పి పుట్టేది కాదు. వెంకట్రాజం గల్లా వెనక నుంచి లేచి, మెట్లు దిగి ఆమె ముందుకు వచ్చాడు.

"నువ్వెందుకు చేతులు జోడిస్తవ్ చెల్లె? ఇత్తులు కల్తీవి కావు, నిజమే. నా మాట కల్తీది. నిన్ననే తెలిసింది, చెల్కల చెప్పక దాసుకున్న. పొద్దుగాల్నే కొట్టుండ్రి అని నలభై ఏండ్లు చెప్పిన. పొద్దుగాల్నే పువ్వు ఇచ్చుకుంటది, ఈగ వాల్తది, నా మందు పడి సస్తది. నీ కాయ వంకర వోవుడు నీ నసీబ్ కాదు. అది నేన్జేసిన పని."

వెంకట్రాజం నిచ్చెన తెచ్చి బోర్డు కింద వేశాడు. ఇచ్చిన మాట ప్రకారం దింపడానికి రెండు మెట్లు ఎక్కాడు. శకుంతల నిచ్చెన పట్టుకొని ఆపింది.

"బోర్డు దింపితె నా తీగకు కాయ కాస్తదా సేటూ? నీ మాట ఇనే గద ఊరంతా పొద్దుగాల కొట్టింది. గదే నోటితోని మాట మార్చు. బోర్డు ఉండనియ్యి."

చదువు లేని మనిషి చెప్పిన ఆ తీర్పు ముందు వెంకట్రాజం నిచ్చెన దిగాడు.

ఆ రోజు నుంచి ఆయన ఊతపదం మారింది. "పొద్దుగూకినంక కొట్టుండ్రి. పువ్వు మీదున్నప్పుడు అసలే వద్దు. పురుగు కనవడకముందే మందు అడుగకుండ్రి." మూడోమాట వల్ల ఆయన బేరం సగానికి పడింది, పడనిచ్చాడు. కిషన్ రావు మొదట్లో గొణిగాడు. తన చేలో మిరప కూడా ఉంది, ఈగ వాలితే దానికీ కాపు పెరుగుతుందని శ్రావణి చెప్పాక గొణగడం మానేశాడు. ఈగలు తిరిగి వచ్చేదాకా శకుంతల, ఆమె తోటికోడలు పొద్దున్నే మగపువ్వు తెంపి, రెక్కలు ఒలిచి, ఆడపువ్వు ఆడపువ్వుకూ అద్దుకుంటూ పోయారు. నడుములు పడిపోయాయి. "ఈగకు కూలియ్యాల్సి వస్తె మనతోని అయితదానే?" అని ఇద్దరూ నవ్వుకున్నారు. చివరి కాపు నాటికి చెల్కలో మళ్ళీ సన్నగా జుమ్మన్నది. పంట సగమే దక్కింది. అయినా దక్కిన కాయ నిటారుగా ఉంది.

ఇంట్లో వెంకట్రాజం ఉలి, సుత్తి తీసుకొని వీధి వైపు రంధ్రం మీది సిమెంటును తనే కొట్టి తీశాడు. పొద్దుగూకినంకనే కొట్టాడు. ఖాళీ గోడకు ఆ నియమం ఎందుకని శ్రావణి అడగలేదు. కుండ కడిగి, ఆరబెట్టి, కాస్త పాత మైనం రాసి మూత పెట్టాడు. దసరా పోయింది, చలికాలం పోయింది. రోజూ ఆ రంధ్రం వైపు చూడటం, ఏమీ లేదని దుకాణంలోకి పోవడం.

మామిడి పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున లక్ష్మీనర్సమ్మ వంటింట్లోంచి కేకేసింది. వెంకట్రాజం పరుగున వచ్చాడు. ఆమె గోడకు చెవి ఆనించి కూర్చుంది. ఆయనా చెవి ఆనించాడు. లోపల ఒకటో రెండో ఈగలు గుసగుసలాడుతూ తిరుగుతున్నాయి.

"ఇల్లు చూసుకోనీకి వచ్చినయ్‌రా, కిరాయికి చూసేటోళ్ళ లెక్క" అంది. "చప్పుడు చెయ్యకు."

నాలుగో రోజుకు గుంపంతా వచ్చింది. అరవై రెండేళ్ళ వెంకట్రాజం తల్లి ఒళ్ళో తల పెట్టుకొని, ఆ గోడలో చప్పుడు వింటూ, పసివాడిలా ఏడ్చాడు. ఆమె కొడుకు తల నిమిరింది.

కాముని పున్నమ దాటిన మూడోనాడు శకుంతల ఒక నిటారు దోసకాయ, రెండు జొన్నరొట్టెలు పట్టుకొని వచ్చింది. ఈసారి తేనె తీస్తారేమోనని వీధిలో పిల్లలు కూడా రొట్టె ముక్కలతో వరస కట్టారు. లక్ష్మీనర్సమ్మ మూడుసార్లు తట్టి, మూత తీసి, చేతి వేళ్ళతో తడిమింది. మూడే తెట్టెలు. ఒక్కటీ కోయకుండా మూత పెట్టేసి మట్టి మెత్తింది.

"ఈ ఏడు మనకు లేదు బిడ్డా" అంది పిల్లలతో. "వాళ్ళే ఇంక నిలదొక్కుకోలే."

పిల్లలు ఒట్టి రొట్టెలు తింటూ వెళ్ళిపోయారు. అప్పుడు ఆ ముసలామె కొడుకు వైపు తిరిగి, శకుంతల వింటుండగా చెప్పింది.

"మనకెంత వస్తదని లెక్కవెట్టుకునుడు అందరికొస్తదిరా. తెట్టెల ఎన్ని వాళ్ళకుంచినం, పొద్దుల ఎంత వాళ్ళకుంచినం అని లెక్కవెట్టుకున్నోని ఇంటనే మళ్ళొచ్చే ఏడు గూడ తేనె ఉంటది, కూర ఉంటది."